అద్దంలో చూసిన రామాయణం

పెద్దోడికీ, చిట్టితల్లికీ తాతయ్య రాసేది.

మొన్న ఫోన్‌లో పెద్దోడు ఒక మాట అడిగాడు. "తాతయ్యా, నువ్వు టీవీ మెకానిక్‌వి కదా, మరి ఇన్నాళ్లూ సీరియల్స్ ఎందుకు చూడలేదు? ఇప్పుడెందుకు రోజూ చూస్తున్నావు?" అని. అప్పుడేదో చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ అది ఫోన్‌లో తెమిలే మాట కాదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఐ.టి.ఐ. చదివి 1984లో చీరాలలో చిన్న షాపు పెట్టాను. హైదరాబాదులో దూరదర్శన్ 1977 అక్టోబరులోనే మొదలైంది గానీ మా వైపు ఊళ్లకు బొమ్మ రావడం అప్పుడప్పుడే. ఆ ఏడాది దేశమంతటా 100 వాట్ల చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టుకుంటూ పోయారు. కాస్త దూరం పోయేసరికి ఆ సిగ్నల్ నీరసించిపోయేది. అందుకని డాబా మీద ముప్పై అడుగుల ఇనప పైపు, దాని కొసన అల్యూమినియం కడ్డీల ఏంటెనా, కింద సిగ్నల్‌కి బలమిచ్చే బూస్టర్. మాది సముద్రగాలి ఊరు. ఏడాది తిరక్కుండానే ఆ కడ్డీల బిగింపుల దగ్గర తెల్లగా పొక్కు కట్టేది, తెర మీద చీమలు పారేవి. పైకెక్కి నేను తిప్పుతుంటే కింద నుంచి ఇంటివాళ్లు కేకలు: "ఇంకొంచెం... ఆ... వచ్చింది, ఉంచు!" బొమ్మ వచ్చిందని తెలిసేది వాళ్ల గొంతులో సంతోషాన్ని బట్టే. నేను దిగేసరికి టైటిల్స్ అయిపోయేవి. ఇంకో ఇంటికి వెళ్లాలి.

ముప్పై ఏళ్లు నేను టీవీ వెనకాల కూర్చున్నాను పిల్లలూ. హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, సాలిడేర్, డయనోరా... వెనక మూత తీస్తే ఏ పెట్టెలో ఏ తీగ ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ముందువైపు చూడటానికి నాకో చేతి అద్దం ఉండేది. సెట్ వెనక పనిచేస్తూ తెర మీద మార్పు కనిపెట్టాలంటే ఎదురుగా అద్దం పెట్టుకోవాల్సిందే. ఎవరో ఒక పిల్లాడి చేతికిచ్చి "కదలకుండా పట్టుకోరా" అనేవాణ్ని.

1987 జనవరి 25 ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నరకు రామానంద్ సాగర్ తీసిన రామాయణం మొదలైంది. మొదట 52 వారాలే అనుకున్నారట, చివరికి 78 అయ్యాయి. అప్పట్లో మా వీధిలో ఇంటింటా గుంట మగ్గం ఉండేది. ఆదివారం కూడా తెల్లారుజామునుంచే ఆ చప్పుడు వినిపించేది. తొమ్మిదింపావు అయ్యేసరికి ఒక్కొక్క మగ్గం ఆగిపోతూ వచ్చేది. తొమ్మిదిన్నరకి వీధంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వినబడిందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది, ఎవరి సెట్ ఎప్పుడు ఆగిపోతుందోనని.

ఓ ఆదివారం అనుకున్నంతా అయింది. ఒకరింట్లో యాభై మంది కూర్చుని ఉన్నారు. సముద్రం మీద వారధి కట్టే ఘట్టం. ఉన్నట్టుండి బొమ్మ ముడుచుకుపోయి తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్లటి గీత మిగిలింది. మాట మాత్రం చక్కగా వస్తోంది. పరుగెత్తుకొచ్చి నన్ను తీసుకెళ్లారు.

ఆ గీత ఏమిటో చెప్పాలి మీకు. పాత టీవీలో బొమ్మని ఒక సన్నటి కిరణం గీసేది. పై నుంచి కిందికి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. కిరణాన్ని పక్కలకి ఒక సర్క్యూట్ నడిపితే, పైకీ కిందికీ ఇంకోటి నడుపుతుంది. ఆ రెండోది ఆగిపోతే గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. వానరులు, రాళ్లు, సముద్రం, రాముడు, అందరూ ఆ ఒక్క గీతలోనే ఉన్నారన్నమాట. అలాగే వదిలేస్తే తెర కాలి మచ్చ పడుతుంది. ముందు బ్రైట్‌నెస్ తగ్గించి, మూత తీసి, పిల్లాడికి అద్దం ఇచ్చాను. కిరణాన్ని నడిపే తీగచుట్ట ఉంటుంది, యోక్ అంటారు. దాని తీగ దగ్గర సోల్డరింగ్ వదిలేసి ఉంది. రెండు నిమిషాల పని. కానీ సోల్డరింగ్ పెట్టాలంటే సెట్ ఆపాలి, ఆపితే మాట కూడా పోతుంది. జనం ఒప్పుకోలేదు. "మాటన్నా విననీవయ్యా!" అని అరిచారు.

అప్పుడు గోడవార కూర్చున్న ఒక ముసలమ్మ అంది, "ఆపు నాయనా. నువ్వు బాగుచేసేదాకా నేను చెప్తాలే."

ఆపేశాను. ఆవిడ మొదలుపెట్టింది. నలుడికి ఉన్న వరం దగ్గర్నుంచి, రాళ్ల మీద రామనామం రాయడం, ఉడుత ఇసుకలో పొర్లి ఆ ఇసుకని వారధి మీద దులపడం. తెలుగులో, తన యాసలో, చేతులు తిప్పుతూ. హిందీ ఒక్క ముక్క తెలియని యాభై మంది ఊపిరి బిగబట్టి విన్నారు. సోల్డరింగ్ పెట్టి స్విచ్ వేశాను. ముందు మాట వచ్చింది, పది సెకన్లకి ట్యూబు వేడెక్కి గీత నెమ్మదిగా విచ్చుకుని బొమ్మ అయింది. చూస్తే, ఆవిడ చెబుతున్న చోటే కథ నడుస్తోంది. "ఆఁ, ఇక్కడే ఉన్నాం" అందావిడ. ఎవరూ నవ్వలేదు. అందరూ దండం పెట్టారు.

నేను సెట్ వెనకే ఉన్నాను. నాకు కనిపించింది ఆ యాభై మంది ముఖాలు, వాటి మీద మారుతున్న వెలుగు. రాముణ్ని చూసింది పిల్లాడి చేతిలోని అద్దంలో, కుడి ఎడమలు తారుమారుగా. ఆ సీరియల్ మొత్తంలో నాకు గుర్తున్న రాముడు కుడిచేత్తో విల్లు పట్టుకున్న రాముడే.

తరవాత ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను. కేబుల్ వచ్చింది, ఇరవైనాలుగు గంటల ఛానెళ్లు వచ్చాయి, ఈటీవీ 1995లో, ఇంకా ఎన్నో. ఏంటెనాలు దిగిపోయాయి. పల్చటి టీవీలు వచ్చాక బాగుచేయడం పోయి బోర్డు మార్చడం మిగిలింది. 2013లో షాపు మూసేశాను. ఇంట్లో టీవీ ఉన్నా, పొద్దంతా టీవీలతో గడిపినవాణ్ని, ఇంటికొస్తే దాని వంక చూడబుద్ధయ్యేది కాదు. రోజువారీ సీరియళ్లంటే చులకన కూడా ఉండేది నాకు. ఒక ముఖాన్ని మూడుసార్లు చూపించడం, ఉరుములు, మెరుపులు... మీ అమ్మమ్మ చూస్తుంటే వాకిట్లోకి వెళ్లి కూర్చునేవాణ్ని. 2016లో ఆవిడ పోయాక టీవీ మీద గుడ్డ కప్పేశాను.

2020 మార్చిలో మిమ్మల్ని చూడ్డానికి హైదరాబాదు వచ్చి లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయాను గుర్తుందా? చిట్టితల్లికి అప్పుడు ఐదేళ్లు. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేశారు, పొద్దున తొమ్మిదికీ, రాత్రి తొమ్మిదికీ. మీ అమ్మ పెట్టింది. నేను అలవాటుగా టీవీ పక్కగా కూర్చుంటే నువ్వే, చిట్టితల్లీ, నా చెయ్యి పట్టి లాగి సోఫాలో ఎదురుగా కూర్చోబెట్టావు. "అక్కడ నుంచి కనపడదు తాతయ్యా" అన్నావు.

రాముడు ఎడమచేత్తో విల్లు పట్టుకుని ఉన్నాడు.

నాకు గొంతు పట్టేసింది. మీరు రాముడి కోసమనుకున్నారు. ముప్పైరెండేళ్ల కిందటి పనికి అప్పుడు కూలి ముట్టినట్టయింది నాకు. మొదటిసారి ఏడాదిన్నర నడిచిన కథ ఈసారి మూడు వారాల్లో అయిపోయింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఆ రోజుల్లోనే మీ అమ్మ ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. రావణుడి వేషం వేసిన అరవింద్ త్రివేది, ఎనభై దాటిన మనిషి, ఇంట్లో కూర్చుని తను సీతను ఎత్తుకుపోయే భాగం చూస్తూ తెరకి చేతులు జోడించాడు. ఆ వేషం వేసింది తనే అయినా ఎదురుగా కూర్చునేసరికి ఆయనా ప్రేక్షకుడే అయిపోయాడు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే.

దాని తరవాత మీరు నాకు 'అమృతం' పెట్టారు. 2001 నుంచి ఆరేళ్లు జెమినీలో ఆదివారాలు వచ్చింది, నేను ఒక్కటీ చూసి ఉండలేదు. గుండు హనుమంతరావు ఆంజనేయులుగా గుమ్మంలోకి వచ్చి నిలబడితే చాలు, ఇంకా ఏమీ అనకముందే మీరు నవ్వేవాళ్లు. మూడు రోజులకి నేనూ నవ్వడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఆ మనిషి ఏమంటాడో నాకూ తెలిసిపోయింది. సినిమాలో మనిషిని రెండున్నర గంటలు చూస్తాం, చుట్టం చూపుగా వచ్చి వెళ్లిపోతాడు. సీరియల్‌లో మనిషి పక్కింట్లో అద్దెకు దిగుతాడు. వాడి దగ్గు కూడా మనకి పరిచయమవుతుంది.

పెద్దోడా, నువ్వు కొరియా సీరియల్ ఎనిమిది భాగాలు ఒక్క రాత్రిలో చూశానని చెప్పావు. భాష రాకుండా చూడటం తప్పని నేననను, మా వీధి మొత్తం హిందీ రాకుండానే చూసింది. కానీ 1.5 స్పీడులో పెట్టావని విన్నాను. అది మాత్రం వద్దు నాన్నా. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య నటుడు ఎంతసేపు ఆగాలో ఆలోచించుకుని ఆగుతాడు. నువ్వు కోసేస్తున్నది ఆ ఆగడాన్నే. భాగానికీ భాగానికీ మధ్య కూడా ఒక్క రోజన్నా ఉండనివ్వు. వారధి సగంలో ఆగిన ఆదివారం తరవాత మా వీధిలో వారమంతా మగ్గాల మీద అదే చర్చ. తెలిసిన కథే, అయినా చర్చే.

ఇక రోజువారీ సీరియళ్ల సంగతి. వాటిని చులకన చేసి నేను పొరపడ్డాను. అరగంటలో ప్రకటనలు పోగా కథకి మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. రేపటికి చూపించాల్సింది ఇవాళ తీస్తుంటారు. గురువారం గురువారం రేటింగులు వస్తాయి, అవి పడిపోతే కథ దారి మారుతుంది. సాగదీత ఉంటుంది, ఒప్పుకుంటాను. కొన్నింట్లో ఆడవాళ్లని అదే పనిగా ఏడిపిస్తారు, అది నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఒకటి గమనించాను. కళ్లు మూసుకుని విన్నా కథ అర్థమవుతుంది. ప్రతివాళ్లనీ పేరు పెట్టి పిలుస్తారు, ఎవరొచ్చారో మ్యూజిక్‌ని బట్టే తెలుస్తుంది, నిన్న జరిగింది ఇవాళ మళ్లీ అంటారు. ఎందుకంటే చూసే మనిషి పొయ్యి దగ్గర ఉంటుంది. పోపు మాడకుండా చూసుకుంటూ చెవి ఇటు పడేస్తుంది. ఆ ముసలమ్మ కథ చెప్పినట్టు, వెలుగు లేని తెర ముందు కూర్చున్నవాళ్ల కోసం చెబుతున్నట్టే రాస్తారు.

మీ అమ్మమ్మ అలాగే చూసేది. 2003లో మొదలైన 'చక్రవాకం' అంటే ఆవిడకి ప్రాణం. "పాపం స్రవంతి" అని ఆవిడ వంటింట్లో అనుకుంటుంటే మన వీధిలో ఎవరో అమ్మాయనుకున్నాను చాలాకాలం. అడగలేదు కూడా.

చీరాల తిరిగొచ్చాక ఆవిడ పెట్టె సర్దుతుంటే పాత గోడ క్యాలెండర్లు దొరికాయి. పాల లెక్క రాసుకునేది వాటి మీద. పాలు రాని రోజు ఇంటూ మార్కు. కొన్ని తేదీల కింద మాత్రం చిన్నగా 'క.లే.' అని రాసి ఉంది. కరెంటు లేదు అని. కరెంటు ఎన్నోసార్లు పోయేది, మరి కొన్ని రోజులకే ఎందుకు రాసిందా అని చూస్తే, ఒక్కటీ శని, ఆదివారాల్లో లేదు. అన్నీ సీరియల్ వచ్చే రోజులే. ఆవిడ చూడలేకపోయిన భాగాలన్నమాట.

మొత్తం పదకొండు ఉన్నాయి. ఆ సీరియల్ వెయ్యికి పైగా భాగాలు. మొదలైన తేదీ నుంచి లెక్కేసుకుంటూ ఏ 'క.లే.' ఏ భాగమో రాసిపెట్టుకున్నాను. ఫోన్‌లో దొరుకుతున్నాయి, మీ అమ్మ టీవీకి కలపడం నేర్పింది కదా. మొదటి నుంచి వరసగా చూసుకుంటూ వస్తున్నాను, రోజుకి ఒక్కటే, రాత్రి అన్నం తిన్నాక. 'క.లే.' భాగం వచ్చిన రోజు ఆవిడ పీట తెచ్చి పక్కన వేసుకుంటాను. ఇప్పటికి నాలుగు అయ్యాయి.

ఐదోది మే నెల రెండో వారంలో వస్తుంది. అప్పటికి మీకు సెలవులిచ్చేస్తారు. తాటిముంజలు కూడా వస్తాయి. అమ్మతో చెప్పి టికెట్లు ముందే చేయించుకోండి. అప్పటిదాకా జరిగిన కథ నేను చెప్తాలే.

మీ తాతయ్య