మూడో మొగ్గ ఎందుకంత కష్టం?

1956లో వచ్చిన ‘ట్రపీజ్’ (సర్కస్ ఊయల) సినిమాలో బర్ట్ లాంకాస్టర్ కుంటుతూ నడుస్తాడు. గాల్లో మూడు పిల్లిమొగ్గలు వేయబోయి పడి, కాలు పాడుచేసుకున్న ఆటగాడి పాత్ర అది. ఇప్పుడతను తలకిందులుగా వేలాడుతూ, ఎగిరొచ్చే టోనీ కర్టిస్‌ని అందుకునే క్యాచర్. జీనా లొలొబ్రిజిడా వల్ల వాళ్లిద్దరి మధ్య రగిలే చిచ్చు మనకిక్కడ అక్కర్లేదు. దర్శకుడు కరోల్ రీడ్ దీన్ని పారిస్‌లోని సిర్క్ డివేర్ అనే సర్కస్ భవనంలో తీశాడు. 1859లో జూల్ లెయోటార్ ఒక ఊయల వదిలి మరో ఊయల అందుకుని ఈ కళకు శ్రీకారం చుట్టింది ఆ కట్టడంలోనే. లాంకాస్టర్ కూడా నటుడు కాకముందు సర్కస్‌లో పనిచేసినవాడే. అందుకే అతను ఊయల దండం పట్టుకుంటే అలవాటైన చెయ్యని తెలిసిపోతుంది. కష్టమైన ఫీట్లు మాత్రం వృత్తి కళాకారులు చేశారు.

ఈ మూడు మొగ్గల ఫీటులో గంటకు 100 కి.మీ. వేగం ఉంటుందని ఒక ప్రచారం ఉంది. లెక్క వేస్తే నిలవదు. ఊయల ఎంత ఎత్తు నుంచి దిగితే అంతే వేగం. 100 కి.మీ. రావాలంటే 39 మీటర్లు దిగాలి. ఏ డేరాలోనూ అంత చోటుండదు. తాడు కొస నుంచి ఒంటి గురుత్వ కేంద్రం దాకా 5 మీటర్లు, దిగే ఎత్తు 4 మీటర్లు అనుకుంటే, అట్టడుగున వేగం గంటకు 32 కి.మీ. అంతే. అయినా అక్కడ 60 కిలోల మనిషి చేతుల మీద 156 కిలోల భారం పడుతుంది. వేళ్లు జారకుండా రాసుకునే తెల్లపొడి మెగ్నీషియం కార్బొనేట్, చెమట పీల్చేస్తుంది.

ఎత్తు పెంచుకోవడానికి నిలబడే పలక మీద ఇంకో మెట్టు బిగిస్తారు. మిగతాది ఒంటి ఊపుతో రావాలి. అట్లతద్ది ఉయ్యాల మీద నిలబడి ఊగినవాళ్లకు ఈ కిటుకు తెలుసు: కిందికి వచ్చినప్పుడు ఒంటిని పైకి లేపితే ఊపు పెరుగుతుంది. ట్రపీజ్ మీద ఆ పని కాళ్లు చేస్తాయి.

ఇక దండం వదలడం. తాడు నిలువు నుంచి 60 డిగ్రీలు లేచాక వదిలితే, పై లెక్క ప్రకారం మనిషి ఇంకో 1.13 మీటర్లు పైకి లేచి, వదిలిన ఎత్తుకే తిరిగి రావడానికి ఒక సెకను పడుతుంది. ముందుకు సాగేది 2.6 మీటర్లు. 45 డిగ్రీల దగ్గరే తొందరపడితే 5 మీటర్లు దూసుకెళ్లి క్యాచర్‌ని గుద్దుకోవచ్చు. ఆలస్యమైతే ఎత్తు ఉంటుంది గానీ దూరం చాలదు.

ఆ ఒక్క సెకనులోనే ముడుచుకోవాలి, మూడుసార్లు తిరగాలి, విచ్చుకోవాలి, చేతులు చాచాలి. ముడుచుకోను, విచ్చుకోను పావు సెకను తీసేస్తే, సెకనుకు దాదాపు 4 చుట్ల వేగంతో తిరగాలి. తిరిగే ఊపంతా దండం చేతిలో ఉండగానే, కాళ్లు పైకి విసిరే విసురులోంచి రావాలి. వదిలాక గాలిలో ఆనుకోవడానికేమీ ఉండదు కనుక కోణీయ ద్రవ్యవేగం, అంటే ఆ తిరిగే ఊపు మొత్తం, మారదు. మోకాళ్లు గుండెకు హత్తుకుంటే జడత్వ భ్రామకం (తిరగడానికి ఒళ్లు చూపే మొరాయింపు) మూడు నాలుగు రెట్లు తగ్గి, చుట్టు వేగం అన్ని రెట్లు పెరుగుతుంది. మోకాళ్లు కాస్త విడిపోయినా మూడో చుట్టు పూర్తి కాదు.

అసలు ప్రమాదం మాత్రం విచ్చుకునేటప్పుడే. ఆ వేగంలో ఏది పైనో ఏది కిందో తెలియదు. ఇటాలియన్‌లో ఈ మొగ్గను ‘ప్రాణాంతకమైన గెంతు’ అనడం ఊరికే కాదు. ఫ్లయర్ (ఎగిరే ఆటగాడు) కింద పడుతున్న వేగం అప్పటికి సెకనుకు 4.7 మీటర్లు. పదో వంతు సెకను తేడా వస్తే చేతులు అర మీటరు కిందికి పోతాయి. క్యాచర్ కూడా ఒక లోలకమే. మధ్యలో తొందరపడటం, ఆగడం అతని చేతుల్లో లేదు. అందుకే పలక మీదున్నవాడు ఎప్పుడు దూకాలో క్యాచరే ‘హెప్’ అని కేక వేసి చెబుతాడు. తన ఊపు చివరికొచ్చి, వెనక్కి మళ్లే క్షణంలో అందుకుంటే ఇద్దరి వేగాల మధ్య తేడా తగ్గి, కుదుపు తగ్గుతుంది. వేళ్లు వేళ్లు పట్టుకోరు, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుంటారు. ఒక పట్టు సడలినా రెండోది ఆపుతుంది. చేయి వంకరగా చిక్కిందా, కుదుపంతా ఒక భుజం మీదే పడుతుంది. ఈ ఫీటును నిత్యం ప్రదర్శించి పేరు తెచ్చుకున్న ఆల్ఫ్రెడో కొడోనా ఆట 1933లో భుజం గాయంతోనే ఆగిపోయింది. నాలుగో మొగ్గను మీగెల్ వాస్కెస్ 1982 జూలై 10న అమెరికాలోని టూసాన్‌లో వేశాడు. అందుకున్నది అన్న హువాన్.

పట్టు తప్పితే మిగిలేది వల. 8 మీటర్ల నుంచి పడి వల 1.5 మీటర్లు కుంగితే ఒంటి మీద సగటున ఆరు రెట్ల బరువు పడుతుంది. 10 సెంటీమీటర్లే కుంగే పరుపు మీదైతే 81 రెట్లు. వీపు మీదే పడాలి. కాళ్ల మీద పడితే మోకాళ్లు, బోర్లా పడితే నడుము దెబ్బతింటాయి. వల పైకి విసిరేది కూడా తక్కువేమీ కాదు కాబట్టి, అది సద్దుమణిగేదాకా ఆగి, అంచు తాడు గట్టిగా పట్టుకుని, ఒక మొగ్గ వేసి నేల మీదికి దిగుతారు.