పేరు సీ భాషది, పోలిక ఎమ్ఎల్‌ది

సీ భాష నుంచి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు వచ్చినవారికి ఎనమ్ ఒక చిక్కుముడి. సీలో ఎనమ్ అంటే పూర్ణసంఖ్యలకు పెట్టుకున్న పేర్లు, అంతే. రస్ట్‌లో మాత్రం ఒక్కో వేరియంట్, అంటే ఎనమ్ తీసుకోగల ఒక్కో రూపం, తనదైన డేటాను వెంట తెచ్చుకుంటుంది.

ఒకే చోట ఇదో అదో దాచాలంటే సీలో యూనియన్ వాడాలి. ప్రస్తుతం లోపల ఏముందో చెప్పే ట్యాగ్‌ను ప్రోగ్రామరే పక్కన పెట్టుకోవాలి. ట్యాగ్ ఒకటి చెప్పి లోపల మరొకటి ఉన్నా, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ నోరు మెదపదు. నిక్లాస్ విర్త్ తన పాస్కల్ భాషలో వేరియంట్ రికార్డులతో ట్యాగ్‌కు భాషలోనే చోటిచ్చారు. కానీ దాన్ని చూడకుండానే ఫీల్డును తాకే దొడ్డిదారి మిగిలిపోయింది.

ఆ దారిని మూసింది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం. 1970ల్లో రాబిన్ మిల్నర్ బృందం సిద్ధాంతాల నిరూపణ కోసం ఎమ్ఎల్ అనే భాషను తయారుచేసింది. అక్కడే రాడ్ బర్‌స్టాల్, డేవిడ్ మెక్వీన్, డాన్ సానెల్లా 1980లో హోప్ భాషను వెలువరించారు. ఇలాంటి భాషల్లో డేటా రకాన్ని ఏ ఆకారంలో ప్రకటిస్తే, ప్యాటర్న్ అనే అచ్చుతో అదే ఆకారంలో విప్పి చూడవచ్చు. ట్యాగ్‌ను దాటకుండా డేటా చేతికి రాదు. అయితే ఈ కోవ భాషలు వాడేసిన మెమరీని తనంతట తానే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌ను నమ్ముకున్నవి కావడంతో, ఆపరేటింగ్ సిస్టమ్‌ల వంటివి రాసే సిస్టమ్స్ ప్రోగ్రామర్లు చాలాకాలం వీటి జోలికి పోలేదు.

గ్రేడన్ హోర్ 2006లో సొంతంగా మొదలుపెట్టిన రస్ట్‌కు తొలి కంపైలర్‌ను ఎమ్ఎల్ సంతానమైన ఓకామెల్‌లోనే రాశారు. పోలిక ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. మొదట్లో రస్ట్‌లో ఎనమ్‌ను ‘ట్యాగ్’ అని, ఏ వేరియంట్ ఉందో చూసి దానికి తగ్గ దారి పట్టించే మ్యాచ్‌ను ‘ఆల్ట్’ అని పిలిచేవారు. రెండూ 2012లో మారాయి. నా మట్టుకు ‘ట్యాగ్’ అన్న పాత పేరే నిజాయితీగా ఉంది. సీ పేరు అరువు తెచ్చుకున్న పాపానికి ఎనమ్ ఏది కాదో ముందు చెప్పి, ఏమిటో తర్వాత చెప్పాల్సి వస్తోంది.

కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో తాను తెచ్చిన నల్ రిఫరెన్స్‌ను, అంటే ‘ఇక్కడ ఏమీ లేదు’ అని చెప్పే ఖాళీ చిరునామాను, 2009లో వంద కోట్ల డాలర్ల పొరపాటుగా ఒప్పుకున్నారు. రస్ట్‌లో ఆ పని ఆప్షన్ అనే మామూలు ఎనమ్ చేస్తుంది: విలువ ఉంటే ఒక వేరియంట్, లేకుంటే ‘నన్’ అనే వేరియంట్. మరి ట్యాగ్‌కు అదనపు మెమరీ? రిఫరెన్స్, అంటే డేటా ఉన్న మెమరీ చిరునామా, ఎన్నడూ సున్నా కాదు కనుక, ఖాళీగా ఉన్న ఆ సున్నానే కంపైలర్ ‘నన్’కు కేటాయిస్తుంది. 64 బిట్ల యంత్రంపై మామూలు రిఫరెన్స్ 8 బైట్లు, ఆప్షన్‌లో పెట్టినా 8 బైట్లే. సిస్టమ్స్ వారిని ఒప్పించడానికి ఇంతకన్నా మంచి వాదన ఉండదు.

మ్యాచ్ అన్ని వేరియంట్లనూ పలకరించి తీరాలి. కొత్తది చేర్చితే, సవరించాల్సిన చోట్లన్నీ కంపైలరే చూపిస్తుంది. సొంత కోడ్‌లో ఇది వరం. నలుగురూ వాడే లైబ్రరీలో మాత్రం ఒక్క వేరియంట్ చేరినా అందరి కోడూ విరుగుతుంది. అందుకే 2019 డిసెంబరులో వచ్చిన 1.40 వెర్షన్‌లో ‘నాన్ ఎగ్జాస్టివ్’ గుర్తు స్థిరపడింది. అది ఉన్న ఎనమ్‌ను మ్యాచ్ చేసే బయటివారు, మిగతావన్నీ ఒకే గాటన కట్టే అండర్‌స్కోర్ కొమ్మను రాయక తప్పదు.