ఎకనామిక్స్ పోటీకి పోయే పిల్లలకు

పిల్లలూ,

మీ నలుగురూ ఎకనామిక్స్ పోటీకి పేర్లిచ్చారని మీ సోషల్ సారు ఫోన్ చేసి చెప్పారు. "మీరు బ్యాంకులో చేసి రిటైరయ్యారు కదా సార్, ఏం చదవాలో పిల్లలకు కాస్త రాసి పెట్టండి" అన్నారు. మీ నోట్సు ఫోటోలు కూడా పంపారు, అన్నీ చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది, ముఖ్యమైన చోట ఎర్ర ఇంకుతో గీతలు కూడా కొట్టారు, మీ ఓపికను మెచ్చుకోవాల్సిందే. కానీ అందులో ఉన్నదంతా నిర్వచనాలే. అవకాశ వ్యయం అనగానేమి, డిమాండ్ సూత్రమును నిర్వచింపుము, ఇవే. ఇవి బట్టీ కొట్టి పోతే మొదటి రౌండు గట్టెక్కుతారేమో, ఆ తర్వాత కష్టం.

ఎందుకంటే ఈ పోటీల్లో అడిగే తీరే వేరు. అమెరికాలో హైస్కూలు పిల్లలకు నేషనల్ ఎకనామిక్స్ ఛాలెంజ్ అని ఒకటి పెడతారు. ముగ్గురో నలుగురో ఒక జట్టు. ముందు ఎవరి పేపరు వాళ్లు రాయాలి, పైకి వెళ్లేకొద్దీ ఒక సమస్య ఇచ్చి జట్టంతా కూర్చుని పరిష్కారం చెప్పమంటారు, చివర్లో బజర్ నొక్కి గబగబా జవాబు చెప్పే రౌండు. కొత్తగా నేర్చుకునేవాళ్ల విభాగానికి డేవిడ్ రికార్డో పేరు, బాగా చదివినవాళ్ల విభాగానికి ఆడమ్ స్మిత్ పేరు పెట్టారు, ఇద్దరూ పాతకాలపు ఆర్థికవేత్తలే. 2018లో మాస్కోలో మొదలైన అంతర్జాతీయ ఎకనామిక్స్ ఒలింపియాడ్‌లో అయితే దేశానికి ఐదుగురి జట్టు, పేపరుతో పాటు ఒక వ్యాపార సమస్య కూడా ఇస్తారు. మన దగ్గర రిజర్వు బ్యాంకు 2023లో ప్రభుత్వ స్కూళ్ల 8 నుంచి 10 తరగతుల పిల్లలకు, ఇద్దరిద్దరి జట్లుగా, ఆర్థిక అక్షరాస్యత మీద క్విజ్ పెట్టింది. పేర్లు వేరైనా అన్నిటిలోనూ ఒక సంగతి ఇచ్చి "ఇక్కడ ఏం జరుగుతోంది, ఎందుకు?" అనే అడుగుతారు. నిర్వచనం నోటికొచ్చినంత మాత్రాన దానికి జవాబు రాదు.

అందుకని ముందు ఒకే ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోండి. ఏం చూసినా, ఏం విన్నా, "ఇది చేస్తే వదులుకునేదేంటి?" అని అడగండి. అవకాశ వ్యయం అని మీరు ఎర్ర గీత కొట్టింది దీన్నే.

మీది పత్తికొండ కాబట్టి జొన్నగిరి, తుగ్గలి వైపు వజ్రాల సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు. తొలకరి పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు, చేలల్లో తలలు వంచుకుని రాళ్లు ఏరుతుంటారు, కొందరు అక్కడే వంట, అక్కడే పడక. టీవీ వాళ్లకు ఇది ఒక వింత వార్త. నా దృష్టిలో మీకు దీనికి మించిన పాఠ్యపుస్తకం లేదు. ఎట్లాగో చూడండి.

ఒక కూలీ మనిషి రోజంతా వజ్రం వెతికాడనుకోండి. దొరక్కపోతే ఆయనకు పోయిందేంటి? "ఏమీ లేదు, ఊరికే తిరిగొచ్చాడు" అంటారు చాలామంది. ఆ రోజు కూలికి పోతే 400 వచ్చేదనుకుంటే, పోయింది ఆ 400. మరి వచ్చేదెంత? లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. రోజుకు రెండు వేల మంది వెతికితే ఒక్కరికి రెండు లక్షల రాయి దొరుకుతుందనుకోండి. రెండు లక్షల్ని రెండు వేలతో భాగిస్తే తలకు వంద రూపాయలు. 400 వదులుకుని వంద కోసం పోతున్నట్టు. ఇక్కడ ఆగిపోయి "వాళ్లకు తెలివి లేదు" అని రాసేస్తే మీకు సగం మార్కులే. ఇంకో అడుగు వేయండి. వాన పడక, చేలో పని లేక మనిషి ఇంట్లో కూర్చున్న రోజున ఆయన వదులుకునే కూలి ఎంత? సున్నా. ఆ రోజు వంద కోసం పోయినా తప్పు లెక్క కాదు. కానీ చిక్కేమిటంటే వాన పడి మట్టి కొట్టుకుపోతేనే రాయి పైకి తేలి కనబడుతుంది, అదే వానకు విత్తనం పని మొదలై కూలికి గిరాకీ పెరుగుతుంది. అంటే వజ్రం వెతకడానికి మంచి రోజే అందరికన్నా ఖరీదైన రోజు కూడా. ఈ ముక్క మీ అంతట మీరు పేపర్లో రాయగలిగితే దిద్దేవాళ్లు పెన్ను పక్కన పెట్టి చదువుతారు.

అక్కడే ఇంకొన్ని ఉన్నాయి. దూరం నుంచి ఛార్జీలు పెట్టుకుని వచ్చి పది రోజులుగా మకాం వేసినాయన "ఇంత ఖర్చు పెట్టుకుని ఖాళీ చేతులతో ఎట్ల పోతాం" అంటాడు చూడండి, ఆ ఖర్చు ఉన్నా పోయినా తిరిగిరాదు, కాబట్టి రేపు ఉండాలా వద్దా అనే లెక్కలో దానికి చోటు లేదు. దీన్ని మునిగిన వ్యయం అంటారు. విత్తనం వేసిన చేను జనం తొక్కితే నష్టం రైతుకు, దొరికితే లాభం వెతికినవాడికి. ఒకరి పనికి ఇంకొకరు మూల్యం కట్టడమన్నమాట, అందుకే కొందరు రైతులు పొలంలోకి రావద్దని బోర్డులు పెడతారు. ఇక రాయి దొరికాక దాని విలువ తెలిసింది వ్యాపారికే, దొరికినాయనకు తెలియదు. సమాచారం ఒక పక్కనే ఉన్నప్పుడు బేరం ఎటు మొగ్గుతుందో ఆలోచించండి. పాత కార్ల బజారును ఉదాహరణగా పెట్టుకుని జార్జ్ అకర్లాఫ్ అనే ఆయన 1970లో ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాశాడు. అక్కడ సంగతి తెలిసింది అమ్మేవాడికి, ఇక్కడ కొనేవాడికి, తేడా అంతే. 2001లో ఆయనకు, ఇంకో ఇద్దరికి కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు మీ జట్టు సంగతి. సారు చెప్పినదాన్ని బట్టి మీలో లెక్కల్లో చురుకైన అమ్మాయి అన్నీ తనే చదివేస్తానంటోందట, మిగతా ముగ్గురూ హాయిగా ఉన్నారట. అన్నిటిలోనూ తనే బెస్టు కాబట్టి అన్నీ తనే చేయడం న్యాయమనిపిస్తుంది. రికార్డో 1817లోనే దీనికి అడ్డం చెప్పాడు. ఆయన ఉదాహరణలో పోర్చుగల్‌కు వైన్ చేయడానికి 80 మంది శ్రమ చాలు, బట్టకు 90. ఇంగ్లండ్‌కు వైన్‌కు 120, బట్టకు 100. రెండింటిలోనూ పోర్చుగలే మెరుగు. అయినా పోర్చుగల్ వైన్ మీద, ఇంగ్లండ్ బట్ట మీద పడితే ఇద్దరికీ లాభమేనన్నాడు.

మీకు సరిపోయేలా మార్చి చెప్తాను, కాగితం మీద మీరు కూడా వేసి చూడండి. ఆ అమ్మాయికి మైక్రో (ఒక మనిషి, ఒక సరుకు లెక్క) చాప్టరు ఒకటి తయారు చేయడానికి రెండు గంటలు, మాక్రో (దేశం మొత్తం లెక్క) చాప్టరుకు మూడు. మీలో ఒక అబ్బాయికి మైక్రోకు ఆరు, మాక్రోకు నాలుగు. ఇద్దరికీ చెరి పన్నెండు గంటలున్నాయి. ఎవరికి వాళ్లు సగం టైము దీనికి, సగం దానికి పెడితే ఇద్దరికీ కలిపి మైక్రో నాలుగు చాప్టర్లు, మాక్రో మూడున్నర అవుతాయి. అలా కాకుండా అబ్బాయి పన్నెండు గంటలూ మాక్రో మీద కూర్చుని, అమ్మాయి తొమ్మిది గంటలు మైక్రో, మూడు గంటలు మాక్రో చేస్తే మైక్రో నాలుగున్నర, మాక్రో నాలుగు. ఎవరూ నిమిషం ఎక్కువ చదవలేదు, రెండూ పెరిగాయి. ఆ అబ్బాయి ఎందులోనూ ఆమె కన్నా మెరుగు కాదని మర్చిపోకండి. ఒక మాక్రో చాప్టరు చేయడానికి ఆమె ఎంత మైక్రో వదులుకోవాలో, అతను ఎంత వదులుకోవాలో పోల్చి చూడండి, అక్కడే ఉంది కిటుకంతా.

అయితే దీన్ని గుడ్డిగా పాటించొద్దు. ఎవరి పేపరు వాళ్లు రాసే రౌండు ఉంటే, పంచుకున్నది ఒకరికొకరు చెప్పుకోకపోతే అందరూ సగం సగమే రాస్తారు. సాయంత్రం అరగంట కూర్చుని మార్చుకోండి, దేశాలు సరుకు మార్చుకున్నట్టే.

బజర్ రౌండంటే మీకు టెన్షన్ అని కూడా విన్నాను. అందులోనూ లెక్కే. ఒప్పుకు పది మార్కులు, తప్పుకు ఐదు కోత అనుకోండి. మూడు సార్లు నొక్కితే ఒక్కసారి ఒప్పయినా మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అంటే మూడింట ఒక వంతుకు మించి నమ్మకముంటే నొక్కడమే మంచిది, పూర్తిగా తెలిసేదాకా ఆగితే పక్క జట్టు నొక్కేస్తుంది. నాలుగు ఆప్షన్లున్న పేపర్లో ఒప్పుకు ఒకటి, తప్పుకు అర కోత ఉంటే ఊరికే గుడ్డిగా పెట్టొద్దు, సగటున నష్టమే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మాత్రం పెట్టేయండి. పోటీకి పోయిన రోజు ముందు కోత ఎంతో నిబంధనల్లో చూసుకుని ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇంకొకటి, మీ ఊరి టమాటా. పంట బాగా పండితే రైతు బాగుపడాలి కదా, మరి పత్తికొండ మార్కెట్లో పంట ఎక్కువొచ్చిన ఏడాదే ఎందుకు పారబోస్తారు? వెయ్యి గంపలొచ్చిన రోజు గంప 300 పలికిందనుకోండి, మొత్తం మూడు లక్షలు. పదమూడు వందల గంపలొస్తే గంప 150కి పడిందనుకోండి, మొత్తం లక్షా తొంభై ఐదు వేలు. సరుకు పెరిగింది, డబ్బు తగ్గింది. ధర సగమైనా ఇంట్లో రెండింతలు టమాటా వండుకోం కదా, చారు అదే చారు. డిమాండ్ వ్యాకోచత్వం తక్కువ అనే మాటకు అర్థం ఇదే. దాన్నే తిరగేసి చూస్తే 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు తిట్టుకుంటూనే పావు కిలో అయినా కొన్నాం. ఆ రేటు చూసి అందరూ నారు పోస్తారు, అందరి కాపూ ఒకేసారి వస్తుంది, మళ్లీ రేటు పడుతుంది.

దీనికి పక్కన ఉల్లి పెట్టుకోండి. 2025లో ఇక్కడ కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం క్వింటాలు 1200 రూపాయలకు కొన్నది. పుస్తకంలో కనీస ధర అనే చోట ఒక గీత గీసి మిగులు అని రాసి వదిలేస్తారు. ఆ మిగులు ఎవరు కొనాలి, ఎక్కడ పెట్టాలి, కుళ్లేలోపు ఎక్కడికి పంపాలి, ఆ డబ్బుతో ఇంకేం చేసి ఉండొచ్చు? రైతుకు ఆ పూట ఆసరా అవసరమే, నేను కాదనను. కానీ జట్టు సమస్య రౌండులో "ప్రభుత్వం ఆదుకోవాలి" అని ఒక్క వాక్యంతో ముగించే జట్టు ఓడిపోతుంది. ఎంతకు, ఎన్నాళ్లు, దేన్ని ఆపి, అని చెప్పండి.

మాక్రో గురించి ఎక్కువ రాయను, మీ సారు బాగానే చెబుతున్నారు. ఒక్కటి మాత్రం బ్యాంకువాడిగా చెప్పాలి. రెపో రేటు తగ్గిందని పేపర్లో వచ్చిన మర్నాడే కౌంటర్ దగ్గరకొచ్చి "నా బంగారం లోను వడ్డీ ఇంకా తగ్గించలేదేంది సార్" అని పోట్లాడేవాళ్లు. రెపో అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు తక్కువ కాలానికి ఇచ్చే అప్పు మీద వడ్డీ. 2019 అక్టోబర్ 1 తర్వాత ఇచ్చిన, వడ్డీ మారుతూ ఉండే ఇంటి లోన్లను రెపో లాంటి బయటి రేటుకు కట్టేశారు కాబట్టి వాటి మీద త్వరగా తెలుస్తుంది. వడ్డీ ముందే ఖాయం చేసుకున్న లోనుకు దాంతో సంబంధం లేదు. రేటు నిర్ణయించే కమిటీలో ఆరుగురుంటారు, ఓట్లు సమానమైతే గవర్నరుదే నిర్ణాయక ఓటు. ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, దాని లక్ష్యం 4 శాతం, రెండు అటూ ఇటూ. ఇవి క్విజ్‌లో వచ్చేవే, గుర్తుపెట్టుకోండి. ఒక చిక్కు ప్రశ్న కూడా పెట్టుకోండి. ద్రవ్యోల్బణం కొలవడానికి 2012 ఆధారంగా కట్టిన వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. వానలు పడక టమాటా రేటు పెరిగితే, వడ్డీ రేటు పెంచి దాన్ని ఎంతవరకు దించగలం? మీలో మీరే వాదించుకోండి, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు.

ఇక పని. ఈ ఆదివారం నలుగురూ మార్కెట్‌కు పోయి వేలంపాట మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూడండి. పొద్దున మొదట పాడిన గంపకు ఎంత, చివరి గంపకు ఎంత, తేడా ఎందుకొచ్చింది, కమీషన్ ఎంత పట్టారు, రైతు చేతికి ఎంతొచ్చింది, రాసుకోండి. అడిగితే విసుక్కుంటారు, ముందు టీ ఇప్పించి అడగండి, ఆ ఖర్చు నేనిస్తాను. రాసింది ఫోటో తీసి సారు ఫోన్ నుంచి నాకు పంపండి. ఈసారి ఎర్ర ఇంకు వద్దు.

మీ తాత
కర్నూలు