ఏ ఫోన్‌లో పాట బాగుంటుంది? ఈ గొడవ ఎక్కడ మొదలైందంటే

ఏదైనా కంపెనీ కొత్త ఫ్లాగ్‌షిప్, అంటే టాప్ మోడల్ ఫోన్ వచ్చిందంటే చాలు, ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ దీంట్లో బాగుందా, దాంట్లోనా అని వాదన మొదలవుతుంది. తమాషా ఏంటంటే, అలా పోల్చే ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే రంధ్రమే లేదు.

మొదట్లో అసలు పిన్ను దూరితే అదే పదివేలు. 2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లో జాక్ లోతుగా ఉండేది, వేరే కంపెనీల ఇయర్‌ఫోన్స్ చాలావరకు అడాప్టర్ లేకుండా పట్టేవి కావు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్‌టీసీ డ్రీమ్‌లో అయితే 3.5 ఎంఎం జాకే లేదు.

సౌండ్ గురించి పట్టింపు బాగా పెరిగింది 2010లో, శాంసంగ్ గెలాక్సీ ఎస్‌తో. దాంట్లో ఉల్ఫ్‌సన్ కంపెనీ ఆడియో చిప్ ఉండేది, పాటలు వినేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మరుసటి ఏడు ఎస్2లో దాన్ని తీసేసి యమహా చిప్ పెడితే గోల చేశారు. ఎస్3లో ఇంకో మెలిక: అంతర్జాతీయ మోడల్‌లో ఉల్ఫ్‌సన్, అమెరికా మోడల్‌లో క్వాల్‌కామ్. ఫోన్ పేరు ఒకటే, లోపల చిప్పులు వేరు. ఒకరు అద్భుతం అంటే ఇంకొకరు ఏముంది ఇందులో అనేవారు, ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

అప్పుడే కొలతలూ మొదలయ్యాయి: నాయిస్ ఎంత, డైనమిక్ రేంజ్ (అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య తేడా) ఎంత, కుడి చానల్ సౌండ్ ఎడమ వైపు ఎంత లీకవుతోంది. సీడీ ఇవ్వగలిగే డైనమిక్ రేంజ్ దాదాపు 96 డెసిబెల్స్. మంచి ఫోన్లన్నీ త్వరగానే 90 దాటేశాయి, ఆ పైన తేడా పట్టికలోనే తప్ప చెవికి తెలిసేది తక్కువ.

నిజంగా తేడా తెచ్చేది ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సౌండ్ కరెంటుకి ఫోన్ వైపు నుంచి ఉండే అడ్డు, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒక ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 30 ఓమ్‌లు, ఇంకో చోట 5 ఓమ్‌లు అనుకోండి. లోపల రెండు మూడు డ్రైవర్లు (బుల్లి స్పీకర్లు) ఉండే వాటిలో ఇలా పడిపోవడం మామూలే. ఫోన్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 10 ఓమ్‌లుంటే మొదటి చోటికి వోల్టేజీలో నాలుగింట మూడొంతులు వెళ్తుంది, రెండో చోటికి మూడోవంతే. అంటే 7 డెసిబెల్స్ తేడా, ఈక్వలైజర్‌ని ఎవరో అడ్డదిడ్డంగా తిప్పినట్టే. అదే ఫోన్ ఇంపీడెన్స్ 1 ఓమ్ అయితే తేడా 1.3 డెసిబెల్స్.

రెండోది వాల్యూమ్. కాస్త గట్టిగా మోగేదే చెవికి బాగుందనిపిస్తుంది. నేనూ ఒక రాత్రంతా రెండు ఫోన్లు మార్చి మార్చి విని, ఒకదాన్ని ఆకాశానికెత్తేశాను. తర్వాత 60 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో కొలిస్తే అది రెండోదానికన్నా ఎక్కువ వోల్టేజీ ఇస్తోంది, అంతే సంగతి. సమానం చేసి విన్నాక ఏది ఏదో నాకే తెలియలేదు.

ఈ పోటీలో గట్టిగా దిగింది ఎల్‌జీ. 2015లో వీ10 ఫోన్, ఆ తర్వాత నాలుగు డాక్‌లను (డీఏసీ, అంటే డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే భాగం) కలిపి క్వాడ్ డాక్ పేరుతో వీ20. ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్ ఎంతో ఫోనే చూసుకుని, 50 ఓమ్‌లు దాటితేనే ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది. తక్కువ ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్‌తోనూ దాన్ని బోల్తా కొట్టించడానికి జనం ముందు ఉత్త ఎక్స్‌టెన్షన్ కేబుల్ గుచ్చి, అప్పుడు దాని చివర ఇయర్‌ఫోన్స్ తగిలించేవారు!

వీ20ని చూపించింది 2016 సెప్టెంబర్ 6న. మర్నాడే యాపిల్ జాక్ లేని ఐఫోన్ 7తో వేదికెక్కింది, జాక్ తీసేయడాన్ని యాపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ 'ధైర్యం' అన్నాడు. జాక్ లేని ఫోన్లు ఆండ్రాయిడ్‌లో అంతకుముందే ఉన్నాయి, మోటో జెడ్ అదే ఏడాది వచ్చింది, కానీ తిట్లన్నీ యాపిల్‌కే. మా ఫోన్‌లో జాక్ ఉంది చూడండి అంటూ ఎకసెక్కమాడిన గూగుల్ 2017లో పిక్సెల్ 2తో తీసేసింది. శాంసంగ్ కూడా వెక్కిరించి, 2019లో నోట్ 10తో అదే పని చేసింది. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది.

బ్లూటూత్‌లో వింటుంటే డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే పని ఇయర్‌బడ్స్‌దే, ఫోన్‌ది పాటని కుదించి పంపడం వరకే. అలా కుదించే పద్ధతుల్లో ఒకటైన సోనీ ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, 2017లో ఆండ్రాయిడ్ 8తో అది చాలా ఫోన్లకు వచ్చింది. వైర్‌తో వింటే, డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే పని ఎక్కువగా డాంగిల్‌ది, అంటే చార్జింగ్ పోర్ట్‌కి తగిలించే బుల్లి అడాప్టర్‌ది. కొన్ని ఫోన్లు టైప్-సీ పోర్ట్ నుంచి నేరుగా అనలాగ్ సౌండే పంపేవి, ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి మోగక తలనొప్పి.

యాపిల్ టైప్-సీ డాంగిల్‌నే చూడండి. వేలెడంత లేదు, కొలతల్లో మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఐతే అమెరికా డాంగిల్ 1 వోల్ట్ ఇస్తే, అదే పేరుతో యూరప్‌లో అమ్మేది సగమే ఇస్తుంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే అమెరికాదీ గొంతు తగ్గించేస్తుంది. కాబట్టి ఫలానా ఫోన్‌లో సౌండ్ నీరసంగా ఉందని ఎవరైనా అంటే, ఏ డాంగిల్‌తో విన్నావు, ఎక్కడ కొన్నావు అని నేను ముందు అడిగేది అందుకే.