ఇంటి కంప్యూటర్‌కు తలుపు గడియలు ఎలా వచ్చాయి

కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి ఆన్ చేయగానే వరసగా ప్రశ్నలు మొదలవుతాయి. పేరేంటి, పాస్‌వర్డ్ ఏం పెడతారు, పిన్ కావాలా, అప్‌డేట్లు ఇప్పుడే వేయమంటారా. ఎప్పుడెప్పుడు డెస్క్‌టాప్ కనబడుతుందా అన్న తొందరలో చదవకుండానే నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం. ఆ తర్వాత ఏదైనా సాఫ్ట్‌వేర్ వేయబోతే తెర మసకబారి, మధ్యలో ఒక పెట్టె వస్తుంది. ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా అని అడుగుతుంది. దానికీ ఎస్ అనేస్తాం.

ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా మొదట్లో లేదు. ఒక్కొక్కటీ ఒక్కో నష్టం జరిగాక వచ్చి చేరింది. ఆ నష్టమేమిటో తెలిస్తే ఏ సెట్టింగ్‌ను మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చో, దేని జోలికి పోకూడదో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అందుకే ఈ పాత కథ.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు అందులో నడిచిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ‘వాడేది ఎవరు’ అన్న ఆలోచనే లేదు. కీబోర్డు ముందు ఎవరు కూర్చుంటే వాళ్లే యజమాని. వాళ్లు నడిపిన ప్రతి ప్రోగ్రామ్‌కూ యజమానికున్నంత అధికారం ఉండేది. అది ఏ ఫైలునైనా చెరపొచ్చు, డిస్క్‌లో ఎక్కడైనా రాయొచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు.

మనుషులకు అప్పటికి ఈ విషయం తెలియక కాదు. 1960ల మొదట్లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒక పెద్ద కంప్యూటర్‌ను చాలామంది పంచుకోవాల్సి వచ్చినప్పుడు, ఒకరి ఫైళ్లు ఇంకొకరికి చిక్కకుండా పాస్‌వర్డ్ పెట్టారు. అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ‘రూట్’ అనే పెద్ద ఖాతా వేరు, రోజూ పనిచేసుకునేవాళ్ల ఖాతాలు వేరు. ఈ విభజన ఇంటి కంప్యూటర్‌కు అక్కర్లేదనుకున్నారు. ఒక్కరే వాడే యంత్రానికి గదులెందుకు, తలుపులెందుకు అనుకున్నారు. ఆ రోజుకు అది తప్పుడు లెక్కేమీ కాదు. ఆ యంత్రం నెట్‌కు కలిసి ఉండేది కాదు.

అయినా ఫైళ్లు మోసుకెళ్లే ఫ్లాపీ డిస్కులు చేతులు మారేవి. 1986లో బ్రెయిన్ అనే వైరస్ ఫ్లాపీ మొదటి భాగంలో కూర్చుని ఒక పీసీ నుంచి ఇంకో పీసీకి ప్రయాణం చేసింది. 1989లో ఎయిడ్స్ గురించిన సమాచారం అంటూ వేల మందికి పోస్టులో ఫ్లాపీలు అందాయి. వాటిలోని ప్రోగ్రామ్ కంప్యూటర్ ఎన్నిసార్లు ఆన్ అయిందో లెక్కపెట్టుకుంటూ పోయి, 90 దాటాక ఫైళ్ల పేర్లన్నీ గజిబిజి చేసి, పనామాలోని ఒక చిరునామాకు 189 డాలర్లు పంపమంది. ఇవాళ రాన్సమ్‌వేర్ అని మనం భయపడుతున్నదానికి అది తొలి రూపం.

1993లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీని తెచ్చింది. డేవ్ కట్లర్ నాయకత్వంలో తయారైన ఈ సిస్టమ్‌లో వేర్వేరు ఖాతాలు, ఫైలుకు ఫైలుకూ అనుమతులు అన్నీ ఉన్నాయి. కానీ దానికి కనీసం 12 ఎంబీ మెమరీ కావాలి. రెండేళ్ల తర్వాత వచ్చిన విండోస్ 95 అయితే 4 ఎంబీతో సరిపెట్టుకునేది. మెమరీ ఖరీదైన రోజులవి. ఎన్‌టీ ఆఫీసులకు వెళ్లింది, డాస్ మీద కట్టిన విండోస్ 95 ఇళ్లకు వచ్చింది. అందులో లాగిన్ పెట్టె కనబడేది కానీ, పాస్‌వర్డ్ తెలియకపోయినా ఎస్కేప్ నొక్కితే లోపలికి పోవచ్చు. అది నెట్‌వర్క్ కోసం, ఎవరి డెస్క్‌టాప్ వాళ్లకు చూపించడం కోసం పెట్టినది. తలుపు బొమ్మే గానీ తలుపు కాదు.

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఎన్‌టీ పునాది ఇళ్లకు చేరింది. ఇక్కడే నా దృష్టిలో ఈ మొత్తం కథలోకెల్లా పెద్ద పొరపాటు జరిగింది. ఇన్‌స్టాల్ చివర్లో ‘ఈ కంప్యూటర్‌ను ఎవరెవరు వాడతారు’ అని అడిగి ఐదు పేర్లకు చోటిచ్చేది. అక్కడ రాసిన ప్రతి పేరూ పూర్తి అధికారమున్న అడ్మినిస్ట్రేటర్ ఖాతాగా తయారయ్యేది, అదీ పాస్‌వర్డ్ లేకుండా. ఎందుకలా? విండోస్ 95, 98 కోసం రాసిన గేములూ సాఫ్ట్‌వేర్లూ తమ సెట్టింగ్‌లను సిస్టమ్ ఫోల్డర్లలోనే రాసుకునేవి. పరిమిత ఖాతాలో నడిపితే అవి మొరాయించేవి. పాతవన్నీ నడవాలంటే అందరికీ పూర్తి అధికారం ఇవ్వక తప్పలేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ గదులన్నీ సరిగానే కట్టాడు, తాళంచెవుల గుత్తి మాత్రం వచ్చినవాళ్లందరి చేతికీ ఇచ్చాడు.

ఇంకో రకం లోపం 2003 ఆగస్టులో బయటపడింది. ఎవరూ ఏ మెయిలూ తెరవలేదు, ఏ ఫైలూ దించుకోలేదు. నెట్ వైరు తగిలించి ఉంటే చాలు, ఉన్నట్టుండి ఒక చిన్న పెట్టె వచ్చి, సిస్టమ్ ఆగిపోబోతోంది, మీ పని సేవ్ చేసుకోండి అంటూ 60 నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టేది. సున్నాకు రాగానే కంప్యూటర్ రీస్టార్ట్. మళ్లీ నెట్‌కు కలవగానే మళ్లీ అదే పెట్టె. అది బ్లాస్టర్ అనే వార్మ్, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్. దాన్ని ఆపే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, దించుకోవాలంటే నెట్‌లో ఉండాలి, నెట్‌లో ఉంటే నిమిషంలో రీస్టార్ట్. తెలిసినవాళ్లు రన్ పెట్టెలో షట్‌డౌన్ ఆదేశం పక్కన గీత, ‘a’ అక్షరం కొట్టి ఆ లెక్కను ఆపి, ఆ సందులో ప్యాచ్ దించుకునేవాళ్లు.

బాధ కలిగించేదేమిటంటే, ఆ ప్యాచ్ అంతకు ముందే జులై 16న విడుదలైంది. ఎక్స్‌పీలో, నెట్ నుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ కూడా మొదటి రోజు నుంచీ ఉంది. కాకపోతే ఆఫ్ చేసి ఉంది. మందు అల్మరాలోనే ఉంది, గడియ తలుపుకే ఉంది, రెండూ ఎవరూ వాడలేదు.

ఆ ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేసే పద్ధతి మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను తనంతట తానే ఆన్ చేసింది. ‘స్లో అవుతోంది, ఫైర్‌వాల్ ఆఫ్ చేసేయ్’ అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ 60 సెకన్ల పెట్టెను ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇక ఆ మసకబారే తెర సంగతి. 2007 జనవరిలో విండోస్ విస్టాతో అది ఇళ్లకు వచ్చింది. దాని వెనక ఏర్పాటు చక్కనిది. మీది అడ్మినిస్ట్రేటర్ ఖాతా అయినా సరే, మీరు తెరిచే ప్రోగ్రామ్‌లు మామూలు అధికారంతోనే నడుస్తాయి. ఏదైనా ప్రోగ్రామ్ సిస్టమ్‌ను తాకాలనుకుంటేనే ఆ పెట్టె వస్తుంది. తెర మసకబారడం అలంకారం కాదు. ఆ క్షణంలో విండోస్ మిమ్మల్ని మిగతా ప్రోగ్రామ్‌లు అడుగుపెట్టలేని వేరే డెస్క్‌టాప్‌లోకి తీసుకెళ్తుంది. ఏ దొంగ ప్రోగ్రామో మీ బదులు మౌస్ కదిపి ఎస్ నొక్కకుండా.

జనం మాత్రం దాన్ని తిట్టుకున్నారు. చీటికీమాటికీ వచ్చేది. చాలామంది విసుగొచ్చి మొత్తానికే ఆపేశారు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దారికి రావాలన్న ఉద్దేశంతోనే కొంత చిరాకు పెట్టామని మైక్రోసాఫ్ట్ మేనేజర్ ఒకరు 2008లో బయటే చెప్పారు. ఆ ఒత్తిడి పనిచేసింది. మెల్లగా ప్రోగ్రామ్‌లు సిస్టమ్ ఫోల్డర్లలో రాయడం మానేశాయి, అందుకే ఇవాళ ఆ పెట్టె అంత తరచుగా రాదు. 2009లో విండోస్ 7 దానికి నాలుగు మెట్ల స్లైడర్ ఇచ్చింది. ఎప్పుడూ అడగమనే పై మెట్టు మీద పెట్టడం నాకు ఇష్టం. అట్టడుగు మెట్టుకు దించడమంటే మళ్లీ 2001కి వెళ్లడమే.

అంతకంటే మేలైన పని ఇంకొకటుంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి రెండో ఖాతా ఒకటి తెరిచి, గట్టి పాస్‌వర్డ్‌తో దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేయండి. దాంతో ఒకసారి లాగిన్ అయి, మీరు రోజూ వాడే ఖాతాను మామూలు అధికారమున్న స్టాండర్డ్‌కు మార్చండి. అప్పుడు ఆ పెట్టె ఎస్ అంటే ఊరుకోదు, పాస్‌వర్డ్ అడుగుతుంది. అది టైప్ చేసే నాలుగు సెకన్లలో ‘అసలు ఇదెందుకు అడుగుతోంది’ అన్న ఆలోచన వస్తుంది. యూనిక్స్ వాళ్లు ఎప్పుడో చేసినది ఇదే. 2001లో ఆపిల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్ ఆ యూనిక్స్ పునాదితోనే వచ్చింది. 2004లో మొదలైన ఉబుంటు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయితే రూట్ ఖాతాతో నేరుగా లాగిన్ అయ్యే వీలే లేకుండా చేసింది.

ఇంకో సెట్టింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇప్పటికీ బాగుపడలేదు. 2000 మే 4న లోకమంతా ‘ఐ లవ్ యూ’ అన్న మెయిల్ అందుకుంది. దానికి జతచేసిన ఫైలు పేరు లవ్ లెటర్ ఫర్ యూ, చుక్క, టీఎక్స్‌టీ. మామూలు టెక్స్ట్ ఫైలే కదా అని తెరిచారు. నిజానికి ఆ పేరు చివర ఇంకో చుక్క, వీబీఎస్ అనే అక్షరాలు ఉన్నాయి. అంటే అది ఉత్తరం కాదు, నడిచే స్క్రిప్ట్, ఒక చిన్న ప్రోగ్రామ్. ఫైలు ఏ రకమో చెప్పే ఈ చివరి ముక్కే ఎక్స్‌టెన్షన్. తనకు తెలిసిన రకం ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ దాచిపెడుతుంది కాబట్టి ఆ చివరి ముక్క చాలామందికి కనబడలేదు. తెరిచినవాళ్ల ఫొటోల మీద అది తన కోడ్ రాసేసి, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తాను పంపుకుంది. ఇన్నేళ్ల తర్వాత విండోస్ 11 కూడా ఎక్స్‌టెన్షన్‌ను దాచే వస్తోంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. కొత్త మెషిన్ ఏది చేతికొచ్చినా వాల్‌పేపర్ కంటే ముందు నేను మార్చేది ఇదే.

పెన్ డ్రైవ్ కథ కూడా ఇలాంటి మోసమే. సీడీ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతట అదే నడవాలని విండోస్ 95లో ఆటోరన్ పెట్టారు. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ వార్మ్ కొద్ది నెలల్లోనే ఆ దారి పట్టింది. పెన్ డ్రైవ్ పెడితే వచ్చే పెట్టెలో ఫోల్డర్ బొమ్మ, పక్కన ‘ఫోల్డర్ తెరిచి ఫైళ్లు చూడండి’ అన్న మాట కనబడేలా చేసింది. నొక్కితే తెరుచుకునేది ఫోల్డర్ కాదు, వార్మ్. విండోస్ 7 పెన్ డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేసింది. పాత విండోస్‌లకు 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్ ద్వారా తీసేశారు.

సొంతానికి నచ్చినట్టు మార్చుకోవడం గురించీ ఒక మాట. ఎక్స్‌పీ రోజుల్లో బయటివాళ్లు చేసిన అందమైన థీమ్‌లు వేయాలంటే యూఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలును, ఎవరో మార్చి పెట్టిన ఫైలుతో భర్తీ చేయాల్సి వచ్చేది. రంగుల కోసం, ఎవరో తెలియని మనిషి చేసిన ముక్కను సిస్టమ్ గుండెలో పెట్టుకునేవాళ్లన్నమాట. ఇవాళ ఆ స్థానంలోకి ‘అనవసరమైనవన్నీ తీసేసి స్పీడ్ పెంచే’ స్క్రిప్ట్‌లు వచ్చాయి. వాటిలో మంచివి లేవని కాదు. కానీ అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిచే స్క్రిప్ట్ ఏ సర్వీసులు ఆపుతోందో చదవకుండా నడిపితే, అప్‌డేట్లూ, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండరూ కూడా ఆ ఊపులో పోవచ్చు. రంగులు, ఐకాన్లు, టాస్క్‌బార్, స్టార్టప్‌లో నడిచే ప్రోగ్రామ్‌లు ధైర్యంగా మార్చుకోండి, సిస్టమ్ అందించే సెట్టింగ్‌ల ద్వారానే మార్చుకోండి.

అప్‌డేట్ అంటే చాలామందికి టెన్షన్. ఆ టెన్షన్‌కు కారణం ఉంది. 2018 అక్టోబరు అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిపేస్తే దాన్ని కొన్నాళ్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కానీ అంతకు ముందటి ఏడాది జరిగింది కూడా చూడాలి. 2017 మార్చి 14న ఒక ప్యాచ్ వచ్చింది. మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా ఆ కంతలోంచే దూరి 150కి పైగా దేశాల్లో ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు అడిగింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7 మెషిన్లే. దానికి ప్యాచ్ రెండు నెలలుగా సిద్ధంగా ఉంది. అందుకే అప్‌డేట్ ఆపేయకండి. నెలవారీ ప్యాచ్ వెంటనే వేసుకుని, పెద్ద వెర్షన్ మార్పు వచ్చినప్పుడు మాత్రం ముందు ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి. తగిలించి ఉన్న డిస్క్‌కు రాన్సమ్‌వేర్ తాళం వేయగలదు.

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 చిప్ ఉండాలని పట్టుబట్టింది. తాళంచెవులను సిస్టమ్‌కు కూడా అందకుండా విడిగా దాచుకునే చిప్ అది. అది లేని మెషిన్లు విండోస్ 10 దగ్గరే ఆగిపోయాయి. వాటికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి మెషిన్ మీ దగ్గరుంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకోవడమో, లినక్స్‌కు మారడమో చేయండి, ఊరికే అలా నెట్‌లో వదిలేయకండి.

ఆ చిప్‌తో పాటు కొత్త బాధ్యత ఒకటి మన మీద పడింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా సెటప్ చేసిన చాలా కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా చదవలేనట్టు ఫైళ్లను మార్చి ఉంచడం, దానంతట అదే ఆన్ అవుతోంది. ల్యాప్‌టాప్ పోయినా ఫైళ్లు దొంగకు దక్కవు, మంచిదే. కానీ మదర్‌బోర్డ్ మారిస్తేనో, కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్‌లో ఏదైనా కదిపితేనో కంప్యూటర్ యజమానినే ఆపి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కూడా మర్చిపోయినవాళ్లు తమ ఫొటోల ముందే నిలబడి వాటిని పోగొట్టుకుంటారు. ఇవాళే ఆ కీని తెరిచి చూసి, ఆ 48 అంకెలూ ఒక కాగితం మీద రాసి, కంప్యూటర్ బ్యాగులో కాకుండా వేరేచోట పెట్టుకోండి.