వాగు గట్టున బురద చేసే పని

నదులు పుట్టేచోట ఉండే చిన్న వాగులు చాలా మ్యాపుల్లో కనపడనే కనపడవు. కానీ ఒక నదిలోకి చేరే ప్రవాహాలన్నిటి పొడవూ కలిపి కొలిస్తే సగానికి పైగా వీటిదే. మట్టిలోంచి ఊరిన నీరు మొదట బయటపడేది ఇక్కడే. దానిలో కరిగి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ గాలి తగలగానే చాలావరకు ఎగిరిపోతుంది. నాకు అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది నైట్రేట్ సంగతి.

పైరు తీసుకోగా మిగిలిన ఎరువు నైట్రేట్‌గా మారి నీటితోపాటు దిగుతుంది. వాగు గట్టున తడిమట్టిలో, అడుగున గులకరాళ్ల సందుల్లో ఆక్సిజన్ బాగా తక్కువ. అక్కడి బాక్టీరియా దాని బదులు నైట్రేట్‌తో శ్వాసిస్తాయి. నైట్రేట్ కాస్తా నైట్రైట్, ఆపైన నైట్రిక్ ఆక్సైడ్, తర్వాత నైట్రస్ ఆక్సైడ్, చివరికి మామూలు నైట్రోజన్ అవుతుంది. గాలిలో 78 శాతం ఉన్నది అదే, దానితో ఏ బాధా లేదు. ఒక్క మెట్టు ముందున్న నైట్రస్ ఆక్సైడ్ మాత్రం వందేళ్ల లెక్కలో, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. బడిలో గీసే నైట్రోజన్ చక్రం బొమ్మలో ఈ మెట్లన్నీ కలిపి ఒకే బాణం! విడదీసి చెబితే పిల్లలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

కాబట్టి అసలు కీలకం ఆ చివరి మెట్టే. నైట్రస్ ఆక్సైడ్‌ను నైట్రోజన్‌గా మార్చే ఎంజైమ్‌లో (బాక్టీరియాలో ఈ మార్పును నడిపించే ప్రోటీన్) రాగి ఉంటుంది. కాస్త ఆక్సిజన్ తగిలినా అది ఆగిపోతుంది, మట్టి ఆమ్లంగా ఉంటే సరిగ్గా తయారే కాదు. ముందు మెట్ల ఎంజైములు అంత సులువుగా ఆగవు. అందుకే నీరు బురదలో నిదానంగా ఇంకుతూ నడిస్తే నైట్రోజన్ దాకా పోతుంది, తొందరగా జారిపోతే నైట్రస్ ఆక్సైడ్ దగ్గరే తెగి గాలిలో కలుస్తుంది. నైట్రేట్ మరీ ఎక్కువైనా అంతే, చివరి మెట్టు వెనకబడుతుంది.

అమెరికాలో 72 చిన్న వాగులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా మారిన నైట్రేట్‌లో నైట్రస్ ఆక్సైడ్‌గా తేలింది 1 శాతం కన్నా తక్కువే. అయినా మనుషుల వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌లో 10 శాతం దాకా ప్రపంచ నదులదేనని అదే అధ్యయనం అంచనా. వచ్చిపడే నైట్రేట్ అంత ఎక్కువ మరి.

అందుకే వాగును తవ్వి తిన్నగా చేయడం, గట్టు చిత్తడిని ఎండగొట్టడం చాలా నష్టం. అలాగని నేలంతా నీట ముంచినా చిక్కే, భూమిని వేడెక్కించే మరో వాయువు మీథేన్ పుడుతుంది. నీటిమట్టం నేలకు కొద్దిగా కిందుంటే, పైపొరలో ఆక్సిజన్‌తో బతికే మరో రకం బాక్టీరియా ఆ మీథేన్‌లో చాలా భాగాన్ని పైకి రాకముందే తినేస్తాయి.