లంకణం పిల్లలకు పనికిరాదు: తగ్గని జ్వరం, వాంతులు, విరేచనాలపై అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే నా ఓపీలో సగం మంది పిల్లలది ఇదే బాధ. నాలుగు రోజులుగా జ్వరం, తాగింది తాగినట్టు కక్కేయడం, నీళ్ల విరేచనాలు. తీసుకొచ్చిన అమ్మానాన్నలకు నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉంటాయి. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ టెన్షన్‌లో తలా ఒకరు చెప్పిన మాట విని చేసే పనులే బిడ్డను ఇంకా నీరసపెడుతున్నాయి.

అపోహ: లంకణం పరమౌషధం. కడుపు మాడిస్తే విరేచనాలు కట్టుకుంటాయి.

పెద్దవాళ్లు ఒక పూట మానేస్తే తట్టుకుంటారు. ఏడాది బిడ్డ తట్టుకోలేడు. దెబ్బతిన్న పేగు మళ్లీ కోలుకోవాలన్నా తిండే కావాలి. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు వేసి జారుగా వండిన అన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టవచ్చు. రెండు ముద్దలే తింటే రెండే పెట్టండి, రెండు గంటలాగి మళ్లీ పెట్టండి. విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాల పాటు రోజూ ఒక పూట ఎక్కువ పెడితే తగ్గిన బరువు తిరిగొస్తుంది. బామ్మలకు నేను చెప్పేది ఒకటే: “అమ్మా, మీ చేత్తోనే కలిపి పెట్టండి, మీ దగ్గరైతేనే తింటాడు.”

అపోహ: ఓఆర్ఎస్ ఎలా కలిపినా ఒకటే, చిక్కగా ఉంటే ఇంకా బలం.

ఒక తల్లి పద్నాలుగు నెలల బాబును తెచ్చింది. నాలుక ఎండిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. “రెండు రోజులుగా ఓఆర్ఎస్ పడుతూనే ఉన్నా డాక్టర్ గారూ, ఉమ్మేస్తున్నాడు” అంది. ఎలా కలుపుతున్నావో చూపించమన్నాను. చిన్న స్టీలు గ్లాసులో లీటరు నీళ్లకు కలపాల్సిన ప్యాకెట్ మొత్తం పోసి చెంచాతో తిప్పింది. నేను ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే సముద్రపు నీళ్లలా ఉంది. అంత చిక్కటి ద్రావణం ఒంట్లో ఉప్పును పెంచి ప్రాణం మీదికి తెస్తుంది. లీటరు బాటిల్‌లో కొత్త ప్యాకెట్ కలిపి, రెండు నిమిషాలకొక చెంచా చొప్పున అక్కడే కూర్చుని పట్టించమన్నాను. గంట దాటాక బాబే చెంచా పట్టుకుని లాక్కోవడం మొదలుపెట్టాడు.

లీటరుకు కలిపే ప్యాకెట్లున్నాయి, 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్నవీ ఉన్నాయి. ప్యాకెట్ మీద చదివి, కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200 పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మొదలుపెట్టండి.

టెట్రా ప్యాకుల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలి.

అపోహ: సెలైన్ ఎక్కిస్తేనే బలం వస్తుంది.

బిడ్డ తాగగలిగితే చాలావరకు ఓఆర్ఎస్ సరిపోతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించే కలరా రోగులను కాపాడారు. అసలు తాగలేని బిడ్డకు, స్పృహ తగ్గుతున్న బిడ్డకు సెలైన్ తప్పదు.

ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మందు కూడా ఇవ్వాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు తగ్గాయని మూడో రోజే ఆపేస్తుంటారు, ఆపకండి.

అపోహ: పళ్లొస్తున్నాయి, అందుకే జ్వరం, విరేచనాలు.

పళ్ల వల్ల చిగుళ్లు దురద పెడతాయి, చొంగ కారుతుంది. 101 డిగ్రీల జ్వరం రాదు. పళ్లొచ్చే వయసులో కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటారు, ఇన్ఫెక్షన్ అలా వస్తుంది.

అపోహ: మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్‌ను మార్చాలి.

దీని గురించి నాకు చాలా బాధ. టైఫాయిడ్‌లో సరైన యాంటీబయాటిక్ పడ్డా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఈలోపు ముగ్గురు డాక్టర్లు, మూడు మందులు, దేనికీ పూర్తి కోర్సు ఉండదు. అనుమానం ఉంటే అదే డాక్టర్‌ను గట్టిగా అడగండి. ఇక టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష, వైడాల్ టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదు. పాత జ్వరానికీ, టీకాకూ కూడా పాజిటివ్ రావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు రక్తం తీసి అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే బ్లడ్ కల్చర్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. మామూలు నీళ్ల విరేచనాలకైతే చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు.

పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వాలి, వయసును బట్టి కాదు. కిలోకు 15 మిల్లీగ్రాముల దాకా, కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజులో నాలుగుసార్లకు మించకుండా. డ్రాప్స్ చాలా గాఢంగా ఉంటాయి, సిరప్‌లా చెంచాతో పోయకండి. పెద్దవాళ్ల జ్వరం, నొప్పుల కోసం ఇంట్లో ఉన్న నిమెసులైడ్ మందు అసలు వద్దు. 12 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

అపోహ: జ్వరం దిగిపోయింది, ఇక గండం గడిచింది.

డెంగీలో జ్వరం దిగే రోజులే ప్రమాదం, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా. ఒళ్లు చల్లబడి, కడుపు నొప్పి మొదలై, వాంతులు ఆగకుండా, బిడ్డ మగతగా పడుకుంటే అది నయమవడం కాదు.

తెల్లారేదాకా ఆగకూడని సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మలంలో రక్తం, కళ్లలో నీరు రాకుండా ఏడవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, ఫిట్స్. మూడు నెలల లోపు పసిబిడ్డకైతే 100.4 దాటిన ఏ జ్వరానికైనా వెంటనే బయల్దేరండి. వచ్చేటప్పుడు ఇప్పటిదాకా వేసిన మందుల సీసాలన్నీ ఒక సంచిలో వేసుకురండి, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోసిందీ గుర్తుపెట్టుకు రండి. నేను మొదట అడిగేవి ఆ రెండే.